మొదటి పేజీ

ఓడ రాలేదు.
మూడు రోజులుగా గాలి దాన్ని
అవతలి రేవులోనే కట్టేసింది.
అందులో నా కాగితం ఉంది:
నూట ఇరవై తావులు, మీగడ రంగు.
శనివారం స్ట్రోమ్‌నెస్‌లో చేతిపనుల సంత.

సరే, ఉన్నదాంతోనే కానిద్దామని
బల్ల కింది పెట్టె లాగాను.
నిరుటి ముక్కలు, అంచులు నలిగినవి,
ఒకదాని మీద పిల్లి నడిచి వెళ్ళింది.
అరచేతిలో ఇమిడే పుస్తకాలకు చాలు,
కోళ్ళు పెట్టిన గుడ్ల లెక్క రాసుకునేవాటికి.

ధారాళంగా ఇచ్చేవాళ్ళ చేతికి ఎముక ఉండదంటారు.
నా చేతికి ఉంది.
జింక కాలిది, అరిగి అరిగి చిన్న చేపలా అయింది.
ముప్ఫై ఏళ్ళుగా నా మడతలన్నీ అదే దిద్దింది.
అందుకేనేమో, ధరల చీటీ మీద
పద్నాలుగు పౌండ్లు అని రాసి,
కొట్టేసి పన్నెండు అని రాసి,
మళ్ళీ పద్నాలుగే రాస్తాను.

మైనం పూసిన నార దారం,
మడతకి ఐదు రంధ్రాలు.
సూది లోపలికి వెళ్ళిన ప్రతిసారీ
బయట గాలి ఊపిరి బిగబట్టినట్టు ఉంటుంది.
అదేం కాదు, నేనే బిగబడతాను.

లినోలియం పొయ్యి పక్కన వెచ్చబడితే గానీ
ఉలికి లొంగదు.
ఎడమకి చూసే తీతువు పిట్ట కావాలంటే
కుడికి చూసే పిట్టను చెక్కాలి.
దాని కాళ్ళ కింద ఊరి పేరు, తిరగేసి.
పేరులో మూడు ఎస్‌లు.
రెండు తిప్పాను, మూడోది మరిచాను.
నలభై అచ్చులు తీశాక గానీ కనబడలేదు.

పోలికలు కలిస్తే అచ్చు గుద్దినట్టున్నారంటారు.
గుద్దేదాన్ని నేను, నన్నడగండి.
ఒక పిట్టకి సిరా ఎక్కువై కన్ను మూసుకుపోయింది,
ఒకదానికి తురాయి సగమే పడింది,
పదిహేడోది ఎందుకో నవ్వుతోంది.

వంటింటి తాళ్ళకి వాటిని ఆరేసి ఉంచగా
డేవీ రెండల్ బల్ల కాళ్ళు మోసుకొచ్చాడు.
నలభై పిట్టల కింద తల వంచుకుని నడిచి,
ఆ ఎస్ దగ్గర ఒక్క క్షణం ఆగి,
టీ తాగి, బిస్కట్లు తిని,
గడపలో బూట్లు తొడుక్కుంటూ అన్నాడు:
"గాలికి తిరగబడినట్టుంది, ఇంగా."

ఏటా ఇదే జరుగుతుంది.
వస్తారు, అట్ట నిమురుతారు,
వాసన చూస్తారు,
"ఇంత బాగుంటే రాయబుద్ధి కాదమ్మా" అని
మెల్లిగా, నిద్రపోతున్న పాపని పడుకోబెట్టినట్టు,
బల్ల మీద పెట్టి వెళ్ళిపోతారు.
ఫ్లెట్ టీచరు ఆరేళ్ళ కిందట ఒకటి కొన్నది.
నిరుడు కనబడి గర్వంగా చెప్పింది:
"ఒక్క గీత పడనివ్వలేదు, బీరువాలో దాచాను."
ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

అందుకని శుక్రవారం, పదకొండు దాటాక,
వడ్రంగి పెన్సిలు తీసుకుని
ఒక్కో పుస్తకం తెరిచి మొదటి పేజీ పాడుచేశాను.
*గుడ్లు ఆరు.*
*గాలి నైరుతి.*
*గడియకి నూనె వెయ్యాలి.*
*బస్సు ఏడుంబావు, కానీ ఎప్పుడూ రాదు.*
ఒకదాంట్లో ఊరికే ఒక వంకర గీత.

ఇరవై ఐదు అయ్యాయి.
ఇరవై ఆరోది నీలం తోలు అట్టది.
వెన్ను మీద కుట్టు
నా జీవితంలో అంత తిన్నగా ఎప్పుడూ రాలేదు.
పెన్సిలు పట్టుకుని కూర్చున్నాను.
పొయ్యి చల్లారింది.
దాన్ని సంచిలో పెట్టలేదు.

సంతలో వాన, తడి కోట్లు, అల్లం కేకు వాసన.
ముందుపళ్ళు ఊడిన పిల్ల ఒకతె
చిన్న పుస్తకం తెరిచి, కూడబలుక్కుని చదివింది:
"గు...డ్లు ఆరు."
పేజీ తిప్పింది. తెలుపు.
ఇంకోటి తిప్పింది.
తలెత్తి నన్నడిగింది, కోపంగా:
"తర్వాతేమైంది?"
నాకు తెలీదన్నాను.
వాళ్ళ నాన్న పద్నాలుగూ లెక్కపెట్టి ఇచ్చేలోపే
ఆమె అతని జేబులోంచి పెన్ను లాక్కుంది.

ఓడ ఆదివారం వచ్చింది.
నూట ఇరవై తావులు, ఒక్క మచ్చ లేదు.
నీలం పుస్తకం పక్కనే పెట్టాను.
కట్టు ఇంకా విప్పలేదు.